పిడుదు చిన్నదే, బాకీ పెద్దది: కుక్క, పిల్లి ఉన్న ఇంటికి ఒక పాఠం

ఈ రోజుల్లో మన ఏ శాఖకు వెళ్లినా భోజన విరామంలో పిల్లల చదువుల కబుర్లు అయ్యాక వచ్చేది ఇంట్లో కుక్కదో పిల్లిదో కబురే. ఎవరి ఫోన్ తెరిచినా ముందు కనిపించే ఫొటో దానిదే. బదిలీ మీద ఊరు మారినప్పుడు సామాను లారీలో వెళుతుంది, అది మాత్రం మనతోపాటు కారులో వస్తుంది. ఇంత ప్రేమగా పెంచుకునే ప్రాణిని కంటికి ఆనీ ఆనని పురుగులు ఎలా పీల్చేస్తాయో, వాటిని ఎలా అడ్డుకోవాలో మన పత్రిక పాఠకులకు వివరంగా చెప్పాలనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను ఉద్యోగరీత్యా భిలాయిలో ఉంటున్నాను. ఇల్లు నెహ్రూ నగర్‌లో. ఇంట్లో ఒక నాటు కుక్క, ఒక పిల్లి ఉన్నాయి. నేను పశువైద్యుణ్ణి కాను. చదివింది మేనేజ్‌మెంట్, చేసేది అప్పుల మంజూరు, వసూళ్లు. అయితే ఈ పురుగుల వ్యవహారాన్ని దగ్గరగా చూశాక అర్థమైంది ఏమిటంటే, ఇది మొండి బాకీ లాంటిదే. మొదటి నెలలో పట్టుకుంటే చాలా తేలిక. వదిలేస్తే మాత్రం ఇల్లు, ఒళ్లు రెండూ గుల్ల.

ముందు కెవైసి: ఎవరీ పిలవని చుట్టాలు?

ఖాతా తెరిచే ముందు ఖాతాదారు ఎవరో తెలుసుకుంటాం. మందు కొనే ముందు పురుగేదో తెలుసుకోవడం కూడా అంతే అవసరం. కుక్క, పిల్లి ఒంటిమీద చేరేవి ముఖ్యంగా నాలుగు రకాలు.

మొదటిది పిడుదు. కొందరు గోమారి అంటారు. ఇక్కడి హిందీలో కిల్నీ. ఎనిమిది కాళ్లుంటాయి. ఎగరలేదు, గెంతలేదు, పాకుతుంది. చర్మంలో నోరు దించి రోజుల తరబడి కదలకుండా రక్తం తాగుతుంది. తాగక ముందు నువ్వు గింజంత ఉండే ఆడ పిడుదు, తాగాక బూడిద రంగు బఠాణీ గింజలా ఉబ్బుతుంది. మన ఇళ్లలో కుక్కలకు ఎక్కువగా పట్టేది గోధుమ రంగు కుక్క పిడుదు. శాస్త్రీయ నామం రిపిసెఫాలస్ సాంగ్వినియస్.

రెండోది ఫ్లీ అనే గెంతుడు పురుగు. హిందీలో పిస్సూ. ముదురు గోధుమ రంగు, పక్కలకు నొక్కినట్టు సన్నటి ఒళ్లు, ఆరు కాళ్లు. పట్టుకోబోతే గెంతి పోతుంది. తరచు మన కంటికి చిక్కేది అది కాదు, దాని రెట్ట. కుక్కను తెల్ల కాగితం మీద నిలబెట్టి దువ్వండి. రాలిన నల్లటి పొడి మీద రెండు చుక్కల నీళ్లు వేయండి. ఎర్రగా మారితే అది మట్టి కాదు, జీర్ణమైన రక్తం. ఫ్లీలు ఉన్నాయనడానికి అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

మూడోది పేను. వెంట్రుకలకు ఈపులు అతుక్కుని ఉంటాయి. ఇది కుక్క నుంచి కుక్కకు, పిల్లి నుంచి పిల్లికి పాకుతుంది. పేలు ఎవరి జాతివి వారికే. అమ్మాయి తలలో పేలు పడితే పాపం కుక్కను తిట్టే ఇళ్లు ఉన్నాయి. కుక్క పేను మనిషి తలలో కాపురం పెట్టదు, మనిషి పేను కుక్క మీద బతకదు.

నాలుగోది గజ్జి పురుగు. కంటికి కనబడదు. వీటిలోనూ తేడాలున్నాయి. సార్కోప్టిస్ అనే రకం చెవి అంచులు, మోచేతుల దగ్గర భరించలేని దురద పెడుతుంది. ఇతర కుక్కలకు అంటుకుంటుంది, మనకూ కొన్నాళ్లు దద్దుర్లు తెప్పించగలదు. డెమోడెక్స్ అనే రకం అంటుకోదు. తల్లి పాలు తాగేటప్పుడే పిల్లకు చేరి, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు బయటపడుతుంది. పిల్లుల చెవుల్లో మరో రకం చేరి, లోపల కాఫీ పొడి చల్లినట్టు గుల్లి కడుతుంది. పిల్లి అదే పనిగా చెవి గోక్కుంటూ తల విదిలిస్తుంటే ముందు చెవిలోకి టార్చి వేసి చూడండి. గజ్జి ఏ రకమో డాక్టరు చర్మాన్ని కాస్త గీకి, సూక్ష్మదర్శిని కింద చూసి చెప్పాలి. బయటి నుంచి చూసి మనం చెప్పలేం.

ఒంటిమీద ఉన్నది వడ్డీ, ఇంట్లో ఉన్నది అసలు

ఈ పాఠంలో ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోవాలంటే పై ఉపశీర్షికే గుర్తుపెట్టుకోండి.

ఫ్లీల సంగతి చూడండి. ఆడ ఫ్లీ రోజుకు 40, 50 గుడ్ల దాకా పెడుతుంది. అవి నున్నగా ఉండి, కుక్క విదిలించినప్పుడల్లా పరుపు మీద, సోఫా కింద రాలిపోతాయి. అవి పొదిగి సన్నటి పురుగులై, వెలుతురు పడని మూలల్లోకి పాకి, గూడు కట్టుకుంటాయి. నిపుణులు చెప్పే లెక్క ప్రకారం ఒక ఇంట్లో ఉన్న ఫ్లీ సంతతిలో కుక్క ఒంటిమీద కనిపించే పెద్ద ఫ్లీలు 5 శాతమే. మిగతా 95 శాతం గుడ్లు, పురుగులు, గూళ్ల రూపంలో ఇంట్లోనే ఉంటాయి. కుక్కకు ఒక్కసారి స్నానం చేయించి పని అయిపోయిందనుకోవడం, వడ్డీ కట్టి అప్పు తీరిందనుకోవడమే.

గూట్లో ఉన్న ఫ్లీ ఇంకా తెలివైనది. బయట ఎవరూ లేకపోతే నెలల తరబడి అలాగే ఆగుతుంది. అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి తగలగానే బయటికి దూకుతుంది. బదిలీల మీద తిరిగే మనకు ఇది చాలా ముఖ్యం. రెండు మూడు నెలలు ఖాళీగా ఉన్న క్వార్టర్స్‌లోకో అద్దె ఇంట్లోకో దిగిన మొదటి రోజే కాళ్లకు ఎర్రటి దద్దుర్లు వచ్చాయంటే, ముందున్న వాళ్లకు కుక్కో పిల్లో ఉండేదేమో అడగండి. సామాను సర్దక ముందే ఇల్లు శుభ్రం చేయించుకోవడం తర్వాతి తలనొప్పిని తగ్గిస్తుంది.

పిడుదు దారి వేరు. గుడ్డు నుంచి ఆరు కాళ్ల పిల్ల, తర్వాత ఎనిమిది కాళ్ల పిల్ల, ఆ తర్వాత పెద్ద పిడుదు. ప్రతి దశలోనూ ఒకసారి కుక్కనెక్కి రక్తం తాగి, కిందికి దిగి, సందులో దాక్కుని, కుబుసం విడిచి మళ్లీ ఎక్కుతుంది. కడుపు నిండిన ఆడ పిడుదు గోడ పగుళ్లలో, తలుపు చట్రం వెనక, కుక్క పడుకునే చోటికి దగ్గరలో 4,000 దాకా గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఎండాకాలపు వేడిలో ఈ చక్రం మొత్తం రెండు మూడు నెలల్లో పూర్తవుతుంది.

చక్రవడ్డీ లెక్క మనకు కొత్త కాదు. 4,000 గుడ్లలో నూటికి ఒక్కటే బతికిందనుకుందాం. అంటే 40 పిడుదులు. అందులో సగం ఆడవి అనుకుంటే 20. వాటి సంతానం 800. అందులో 400 ఆడవి. మూడో తరానికి 16,000. ఇది లెక్క అర్థం కావడానికి చెప్పిన ఊహే. అయినా ఫిబ్రవరిలో కనిపించిన ఒక్క పిడుదును తేలిగ్గా తీసుకుంటే వానాకాలానికి గోడ మీద బారులు ఎందుకు కనిపిస్తాయో ఈ లెక్కే చెబుతుంది.

ఇక్కడ ఒక అపోహ కూడా తీర్చాలి. మా నెహ్రూ నగర్‌లో ఖాళీ స్థలాల్లో ఆవులు తిరుగుతుంటాయి. కుక్కకు పిడుదులు పట్టగానే అందరి వేలూ ఆవుల మీదికి పోతుంది. ఆవుల మీద ఎక్కువగా ఉండే పిడుదు వేరే రకం. గోధుమ రంగు కుక్క పిడుదుకు కుక్కంటేనే ఇష్టం, ఇంటి గోడలంటేనే ఆశ్రయం. దాని చిరునామా వీధి చివరి ఆవు దగ్గర కాదు, మన వరండా పగుల్లోనే వెతకాలి.

అసలు నష్టం రక్తం కాదు, జ్వరం

పిడుదు తాగే రక్తం కంటే అది వదిలి వెళ్లే క్రిమి ప్రమాదం. కుక్కల్లో దీన్ని మామూలుగా టిక్ ఫీవర్ అంటారు. అందులో ప్రధానమైనది ఎర్లీకియా. ఇది తెల్ల రక్తకణాల్లో చేరి, ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. మరొకటి బబీసియా. ఇది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఒకే కుక్కకు రెండూ కలిసి రావడమూ ఉంది.

పోయిన ఏడాది జూలైలో మా వీధిలో జరిగింది చెబుతాను. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఉన్నారు. శ్రీకాకుళం వైపు నుంచి యాభై ఏళ్ల కిందట వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. వాళ్ల మూడేళ్ల లాబ్రడార్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఉక్కపోతకు అనుకున్నారు. మూడో రోజు పొద్దున ముక్కు నుంచి రక్తం కారింది. నా కారులోనే తీసుకెళ్లాం. చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. పొట్ట మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు 22 వేలు వచ్చాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు సుమారు 2 లక్షల నుంచి 5 లక్షల దాకా ఉండాలి. "పిడుదే కదా బాబూ, మా ఊళ్లో ఏ కుక్కకు లేవు అనుకున్నాను" అన్నారాయన, దాని తల ఒళ్లో పెట్టుకుని. డాక్టరు సెలైను పెట్టి, డాక్సీసైక్లిన్ మొదలుపెట్టి, మొత్తం 28 రోజులు ఆపకుండా వాడాలన్నారు. నాలుగో రోజుకు అది లేచి అన్నం తింది. ఆ రోజుతో మందు ఆపేసి ఉంటే క్రిమి లోపలే దాక్కుని, నెలల తర్వాత ఎముక మజ్జను దెబ్బతీసే స్థితికి రావచ్చని డాక్టరు హెచ్చరించారు. పెద్దాయన క్యాలెండర్ మీద రోజుకొక టిక్కు పెడుతూ 28 రోజులూ వేశారు. ఇప్పుడు అది బాగుంది.

ఆ డాక్సీసైక్లిన్ వెనక తెలుగువారు తెలుసుకోవలసిన కథ ఒకటి ఉంది. అది టెట్రాసైక్లిన్ కుటుంబపు మందు. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి వెల్లడైంది. దాన్ని కనుగొన్నది అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్. అక్కడి పరిశోధనలకు అప్పుడు నాయకత్వం వహించినది 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. భిలాయిలో ఒక కుక్క ప్రాణం నిలబెట్టిన మాత్ర వంశవృక్షంలో ఒక తెలుగువాడి పేరు ఉందని ఆ పెద్దాయనకు చెబితే ఎంతో సంతోషించారు.

పురుగు కాటుతో జబ్బు వస్తుందన్న సంగతి తెలిసిందీ ఎప్పటి నుంచో కాదు. 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడ్ కిల్‌బోర్న్ పశువుల టెక్సాస్ జ్వరాన్ని పిడుదులే మోస్తాయని రుజువు చేశారు. కుక్కల్లో వచ్చే బబీసియా ఆ జ్వరకారక క్రిమికి దగ్గరి చుట్టమే. మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది ఆ తర్వాత నాలుగేళ్లకు, 1897 ఆగస్టు 20న. మలేరియా దోమ కంటే ముందే పిడుదు దొరికిపోయిందన్నమాట. అయినా దోమకు భయపడినంతగా మనం పిడుదుకు భయపడం.

లక్షణాలను మన వసూళ్ల భాషలో చెబితే సులువుగా గుర్తుంటుంది. తిండి తగ్గడం, చలాకీ తగ్గడం ఎస్ఎంఏ సున్నా. జ్వరం, గడ్డలు కట్టడం, నడవలేకపోవడం ఎస్ఎంఏ ఒకటి. చిగుళ్లు తెల్లబడటం, ఒంటిమీద ఎర్ర చుక్కలు ఎస్ఎంఏ రెండు. ముక్కు నుంచి రక్తం, కాఫీ రంగు మూత్రం, పచ్చకామెర్లు అంటే ఖాతా మొండి బాకీ అయినట్టే. మొదటి దశలోనే డాక్టరు దగ్గరికి వెళ్లి రక్త పరీక్ష అడగండి. ఒంటిమీద పిడుదు కనిపించకపోయినా సరే. అది రక్తం తాగి ఎప్పుడో దిగిపోయి ఉండవచ్చు. కుక్కకు మామూలు ఒంటి వేడి మనకంటే ఎక్కువ, 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. కనుక చేత్తో తాకి జ్వరమని తేల్చకండి, జ్వరమని మన మాత్రలు అసలే వేయకండి. పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

పిల్లి అంటే చిన్న కుక్క కాదు

మరో ఊళ్లో పనిచేసే మా సహోద్యోగి ఇంట్లో జరిగిన విషాదం ఇది. పిల్లికి ఫ్లీలు పట్టాయని దుకాణంలో అడిగితే, కుక్కల కోసం తయారైన చుక్కల మందు ఇచ్చి, చిన్నది కాబట్టి సగం వేయండి చాలన్నారట. సాయంత్రం వేశారు. రాత్రికి పిల్లి వణకడం మొదలైంది, తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రికి చేర్చేలోపే పోయింది. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ల పాప వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఆ మందులో ఉన్నది పెర్మెత్రిన్. కుక్క కాలేయం దాన్ని విరిచి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. సగం వేసినా, పావు వేసినా అది విషమే. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి పేర్లున్న పశువుల మందులు, అమిట్రాజ్ ద్రావణం, టీ ట్రీ నూనె, ఫినాయిల్ కూడా పిల్లికి పనికిరావు. ఇంట్లో కుక్క, పిల్లి రెండూ ఉంటే కుక్కకు కూడా పెర్మెత్రిన్ లేని మందే అడిగి తీసుకోండి. రెండూ ఒకదాన్నొకటి నాక్కుంటాయి, ఒకే పరుపు మీద పడుకుంటాయి.

పొరపాటున పిల్లి మీద అలాంటి మందు పడితే ఆలస్యం చేయకండి. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే ద్రవంతో వెంటనే కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టి, మందు డబ్బా కూడా వెంట పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. వణుకు అప్పటికే మొదలైతే కడగడానికి ఆగకుండా బయలుదేరండి.

మందుల ఎంపిక

ఇప్పుడు దొరికే మందులు ప్రధానంగా మూడు తరహాలు.

నోటి మాత్రలు: ఫ్లూరలానర్, అఫాక్సోలానర్, సారోలానర్. ఇవి రక్తంలో కలుస్తాయి. కుట్టిన పిడుదు, ఫ్లీ చచ్చిపోతాయి. మొదటిది సుమారు మూడు నెలలు, మిగతా రెండూ నెల రోజులు పనిచేస్తాయి. చావాలంటే పిడుదు ముందు కుట్టాలి కనుక మాత్ర వేసిన తర్వాత కూడా ఒకటీ అరా కనిపించవచ్చు. అంత మాత్రాన మందు పనిచేయలేదనుకోకండి. కుక్కకు ఇదివరకు ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. ఈ వర్గపు మందులు కొన్ని కుక్కల్లో వణుకు, ఫిట్స్ కలిగించవచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో హెచ్చరించింది.

మెడ మీద చుక్కల మందు: ఫిప్రోనిల్, సెలామెక్టిన్ లాంటివి. నాలుక అందని చోట, మెడ వెనక, వెంట్రుకలు పాయ తీసి చర్మం మీదే వేయాలి. వేయడానికి రెండు రోజుల ముందు, వేశాక రెండు రోజులు స్నానం వద్దు. చర్మపు నూనెతోనే మందు ఒళ్లంతా పాకుతుంది, షాంపూతో కడిగేస్తే అది ఎలా పాకుతుంది? పిల్లులకు పిల్లుల కోసమే తయారైన డబ్బా కొనండి. ఇంట్లో కుందేలు ఉంటే ఫిప్రోనిల్ దాని దరిదాపులకు కూడా రానివ్వకండి.

షాంపూలు, పౌడర్లు, ముంచే ద్రావణాలు: ఉన్నవి అప్పటికి చస్తాయి, రేపు ఎక్కేవాటిని ఆపవు. అమిట్రాజ్ లాంటివి డాక్టరు చెప్పిన పాళ్లలో కలిపి, కుక్క నాకకుండా చూస్తేనే క్షేమం. మధుమేహం ఉన్న కుక్కకు అది వద్దు.

ఐవర్‌మెక్టిన్ గురించి ఒక మాట. గజ్జికి చాలామంది సొంతంగా వేయిస్తున్నారు. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి జన్యులోపం వల్ల ఆ మందు మెదడులోకి చేరి ప్రాణాపాయం కలుగుతుంది. జాతి, బరువు చూసి డాక్టరే నిర్ణయించాలి.

ఏ మందైనా బరువు లెక్కనే. బరువు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. కుక్కను ఎత్తుకుని తూకం మీద నిలబడండి, తర్వాత మీరొక్కరే నిలబడండి, తీసివేయండి. పెద్ద కుక్క మందు కొని రెండు చిన్న కుక్కలకు పంచడం లాంటి పొదుపు వద్దు. ఎనిమిది వారాల లోపు పిల్లలకు ముందు సన్న పళ్ల దువ్వెనతో దువ్వి పురుగులను సబ్బు నీళ్లలో వేయండి, మందు సంగతి డాక్టరును అడగండి.

పిడుదును తీయడం ఎలా?

పట్టకారు సన్నటి మొనతో ఉండాలి. పిడుదు పొట్టను కాదు, చర్మానికి ఆనుకుని ఉన్న తలను పట్టుకుని, మెలి తిప్పకుండా, నిదానంగా, నిటారుగా పైకి లాగండి. తీసిన పిడుదును స్పిరిట్ ఉన్న సీసాలో వేయండి. కుట్టిన చోట యాంటిసెప్టిక్ రాసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. గోటితో నలపడం, అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిన్ పోయడం చేయకండి. పిడుదు బెదిరి కక్కితే క్రిమి ఇంకా లోపలికి పోతుంది.

వెతకవలసిన చోట్లు: చెవి లోపలి మడతలు, కాలివేళ్ల సందులు, చంకలు, కాలర్ కింద, తోక మొదలు, కంటి రెప్పలు. సాయంత్రం నడక అయ్యాక రెండు నిమిషాలు ఒళ్లంతా చేత్తో తడమండి. క్రిమి ఎక్కడానికి కొన్ని గంటలు చాలు కనుక ఆదివారానికి వాయిదా వేయకుండా రోజూ చూడాలి. ఈ పని పిల్లలకు అప్పగిస్తే ఇష్టంగా చేస్తారు. తీయడం మాత్రం పెద్దలే చేయాలి.

ఇంటిని శుభ్రం చేయడం

కుక్క పరుపు, దుప్పట్లు వారానికొకసారి వేడి నీళ్లలో ఉతికి గట్టి ఎండలో వేయండి. సోఫా కింద, మంచం కింద వాక్యూమ్ క్లీనర్‌తో లాగి, ఆ సంచిని వెంటనే బయట పారేయండి. అది లేకపోతే తడిగుడ్డతో మూలలన్నీ తుడవండి. వరండా గోడ పగుళ్లు, తలుపు చట్రాల సందులు సిమెంటుతోనో పుట్టీతోనో పూడ్చండి. పురుగుల నివారణ వాళ్లను పిలిస్తే, ఇంట్లో పిల్లి ఉందని, చేపల తొట్టి ఉందని ముందే చెప్పండి. చల్లిన మందు పూర్తిగా ఆరేదాకా పిల్లలనూ పెంపుడు ప్రాణులనూ లోపలికి రానివ్వకండి.

ఇంట్లో ఎన్ని కుక్కలు, పిల్లులు ఉన్నాయో అన్నింటికీ ఒకేసారి మందు వేయాలి. ఫ్లీలయితే కనీసం మూడు నెలలు వరసగా వేయాలి. గూళ్లలో ఉన్నవన్నీ బయటికొచ్చి చావడానికి అంతకాలం పడుతుంది. రెండో నెలలో మళ్లీ ఫ్లీలు కనిపిస్తే నిరుత్సాహపడి మానేయకండి. అవి పాత గూళ్ల నుంచి వచ్చే వసూళ్లే.

వంటింటి వైద్యాలు

వేపాకు నీళ్లతో స్నానం, పసుపు పూత మన ఇళ్లలో అలవాటు. వేపకు పురుగును కొంత దూరం పెట్టే గుణం ఉంది. దాని మీదే ఆధారపడితే మాత్రం పిడుదు జ్వరం ఆగదు. వేప నూనెను పిల్లికి రాయకండి, నాకి వాంతులు చేసుకుంటుంది. వెల్లుల్లి తినిపిస్తే పురుగులు రావంటారు. ఉల్లి, వెల్లుల్లి కుక్క, పిల్లి రక్తకణాలను పగలగొడతాయి. కిరోసిన్, వాడేసిన ఇంజనాయిల్, పొగాకు కషాయం, కర్పూరం, పొలాల్లో చల్లే పురుగుమందు, ఇవన్నీ చర్మం గుండా ఒంట్లోకి పోయే విషాలు. పొలం మందు వాడి పురుగులతోపాటు కుక్కను పోగొట్టుకున్న వాళ్లు ఉన్నారు.

మన ఆరోగ్యం సంగతి

ఫ్లీ మన మీద కాపురం పెట్టదు గానీ కుడుతుంది. ఫ్లీని మింగిన కుక్క కడుపులో ఒక రకం బద్దెపురుగు పెరుగుతుంది. మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటివి కదులుతూ కనిపిస్తే అవే. నేల మీద ఆడే పసిపిల్లలు పొరపాటున ఫ్లీని మింగితే వాళ్లకూ ఆ పురుగు రావచ్చు. అందుకే ఫ్లీల మందుతోపాటు నులిపురుగుల మందు కూడా అడగండి. కుక్క పిడుదు ద్వారా మనుషులకు వచ్చే జ్వరం ఒకటి ఉంది, దాన్ని ఇండియన్ టిక్ టైఫస్ అంటారు. ఇంట్లో ఎవరికైనా జ్వరం, తలనొప్పితోపాటు దద్దుర్లు వస్తే, ఇంట్లో కుక్క ఉందని, పిడుదులు పట్టాయని డాక్టరుకు చెప్పండి. అడగకపోయినా చెప్పండి.

ఏడాది పొడుగునా చేయవలసిన పనులు

మా భిలాయి వాతావరణాన్ని బట్టి నేను పెట్టుకున్న పట్టిక ఇది. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

ఫిబ్రవరి, మార్చి: గోడ పగుళ్లు పూడ్చడం, పరుపులు మార్చడం, కుక్క బరువు చూసి ఏడాది మందుల ప్రణాళిక వేసుకోవడం.

ఏప్రిల్ నుంచి జూన్: ఎండ ముదిరేకొద్దీ పిడుదులు పెరుగుతాయి. మందు ఒక్క రోజు కూడా ఆలస్యం కాకూడదు. రోజూ ఒళ్లు తడమాలి.

జూలై నుంచి సెప్టెంబరు: వానలు, తేమ. ఫ్లీలకు, చెవి జబ్బులకు అనువైన కాలం. స్నానం చేయించాక చెవులు, వేళ్ల సందులు ఆరబెట్టాలి. అన్నం మానేస్తే రక్త పరీక్ష.

అక్టోబరు నుంచి జనవరి: పిడుదులు తగ్గినట్టు కనిపిస్తాయి. ఇంటి లోపలి పగుళ్లలో వెచ్చగా అవి బతికే ఉంటాయి కనుక మందు ఆపవద్దు.

మందు వేసిన తేదీ, మళ్లీ వేయవలసిన తేదీ ఫోన్‌లో పెట్టుకోండి. రుణ వాయిదాలకు సందేశాలు పంపే మనం, ఇంటి ప్రాణి వాయిదా ఒకటి గుర్తు పెట్టుకోలేమా?

పెద్ద జబ్బు వచ్చినప్పుడు పశువైద్య కళాశాలల ఆసుపత్రులు అక్కరకు వస్తాయి. మాకు దుర్గ్ దగ్గర అంజోరాలో కామధేను విశ్వవిద్యాలయం కళాశాల ఉంది. తెలుగు రాష్ట్రాల్లో తిరుపతి, గన్నవరం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లలో ఉన్నాయి. కొత్త ఊరికి బదిలీ అయినప్పుడు పిల్లల బడి, గ్యాస్ కనెక్షన్‌తోపాటు దగ్గరలోని పశువైద్యుడి నంబరు కూడా మొదటి వారంలోనే రాసి పెట్టుకోండి.

మన వీధి కుక్కలను కూడా మరచిపోవద్దు. గేటు దగ్గర రోజూ అన్నం తినే కుక్కకు పిడుదులుంటే, ఈ రోజు కాకపోతే రేపు అవి మన వరండాకే వస్తాయి. కాలనీలో నాలుగు కుటుంబాలు కలిసి, డాక్టరు సలహాతో వాటికి కూడా మందు వేయిస్తే ఖర్చు పంచుకోవచ్చు, వీధి మొత్తం బాగుపడుతుంది. మా వీధిలో ఈ వేసవిలో ఆరు కుటుంబాలం కలిసి ఆ పని మొదలుపెట్టాం. మీ కాలనీలోనూ మొదలుపెట్టండి. ఈ రాత్రి భోజనాలయ్యాక మీ కుక్క చెవులు, వేళ్ల సందులు ఒకసారి తడిమి చూడండి. ఏమీ దొరక్కపోతే సంతోషం. ఒక్కటి దొరికినా, ఏం చేయాలో ఇప్పుడు మీకు తెలుసు.